కట్ట కాచిన గ్లాసక్క

ఆమెను అందరూ గ్లాసక్క అనే పిలిచేవారు. అసలు పేరు పెట్టి పిలిచేవాడు ఒక్క మొగుడే, అతనూ పోయాడు. పోతూ పోతూ చెరువు కట్ట కాపలా పని ఆమెకు వదిలిపోయాడు. చెరువంటే మహా సముద్రమేం కాదు. ఒక వంపులో మట్టి పోసి కట్టిన కట్ట, ఆ కట్టలోంచి పొలాలకు నీళ్లు వదిలే తూము, పక్కన ఒక చిన్న గది. ఆ గదే ఆమె ఇల్లు.

పొద్దున లేవగానే చెప్పులు గడప దగ్గర విడిచి, కట్ట దిగువ అంచు వెంట వట్టికాళ్లతో నడిచేది. చెప్పులేసుకుంటే నేల అబద్ధం చెబుతుందనేది. అరికాలికి ఎక్కడ చల్లగా తగిలితే అక్కడ ఊట ఉన్నట్టు. ఊట ఉంటే తప్పు లేదు. మట్టికట్ట అన్నాక అంత నీళ్లు మోస్తుంటే దానికి చెమట పట్టదా? చెమట పడితే భయం లేదు, ఆ చెమటతో పాటు ఒళ్లు కరిగి రాకూడదు. అందుకే ఆమె చేతిలో ఎప్పుడూ ఒక గాజుగ్లాసు ఉండేది. ఊటనీళ్లు పట్టి, ఎండకెత్తి చూసేది. తేటగా ఉంటే పారబోసి ముందుకు నడిచేది. పేరు అలా వచ్చింది.

మనిషి మంచిదే గానీ నోరు మంచిది కాదు. మేక కట్టెక్కితే మేకను వదిలేసి కాపరి వెంట పడేది. కట్ట మీద ఎవరైనా సరదాకి మొక్క నాటితే, వేరుతో సహా పెరికి వాళ్ల గుమ్మంలో పడేసి వచ్చేది. "గ్లాసక్క నోట్లో పడేకంటే చెరువులో పడటం నయం, ఈదుకుంటూ అయినా బయటికి రావచ్చు" అని కట్ట కింద కొట్టు పెట్టుకున్న దర్జీ అంటుండేవాడు. ఎదురు పడితే మాత్రం కుట్టుమిషన్ చప్పుడు పెంచేవాడు.

అంత కటువైన మనిషికి మెత్తటి చోటు ఒక్కటే, తమ్ముడు. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది ఆమే. వాడి టమాటా తోట కట్టకు ఆనుకునే ఉంది. ఆ ఎండాకాలం, నీళ్లు అడుగంటిన అదును చూసుకుని తమ్ముడు ఎవరి కంటా పడకుండా కట్టకు అడ్డంగా గాడి కొట్టాడు. అందులో ప్లాస్టిక్ పైపు పడేసి, పారతో నాలుగు తట్టల మట్టి లాగి, కాలితో తొక్కి కప్పెట్టేశాడు. చెరువు నిండితే నీళ్లు తిన్నగా తోటలోకి వస్తాయని ఆశ. నీటికి తొక్కిన మట్టి ఏదో, దిమ్మిసాతో కొట్టి గట్టిపరిచిన మట్టి ఏదో బాగా తెలుసు. పైపు లోపల దారి ఇస్తే పైపు పక్కన ఇంకో దారి చేసుకుంటుంది. ఇది గ్లాసక్కకు తెలియనిది కాదు. గాడి చూసింది. మేకల కాపరిని వదలని మనిషి తమ్ముణ్ణి వదిలేసింది.

వానలు పడ్డాయి. చెరువు నిండింది. ఒక పొద్దున పైపుకు సూటిగా కింద పట్టిన గ్లాసు ఎండకెత్తితే, అవతలి వేలు కనిపించలేదు. నీళ్లు టీ రంగులో ఉన్నాయి. గ్లాసు పారబోయకుండా అలాగే పట్టుకుని తోటలోకి వెళ్లింది.

"ఒరేయ్, ఇది చూడు. నీ పైపు పక్కనించి కట్ట కొట్టుకొస్తోంది. నీళ్లు దించిస్తా, పైపు తీసేద్దాం."

"తీస్తా అక్కా, తియ్యనన్నానా? కాయ దించనీ."

"కాయ దించేలోగా కట్ట దిగుతుందిరా."

మరదలు కాయల బుట్ట కింద పెట్టి నడుం నిటారు చేసింది. "పిల్లల్లేని వాళ్లకి కట్టే పిల్ల వదినా. మాకున్నారు. వాళ్లు తినాలి కదా."

తమ్ముడు ఆ మాట విననట్టు ఒక కాయను తిప్పి తిప్పి చూస్తూ నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే ఆమె రైతుల సంఘం గదికి వెళ్లింది. సంఘం పెద్దకు గొంతు పెద్దది కాబట్టి అతన్ని అందరూ మైకు అనేవారు. గ్లాసు అతని బల్ల మీద పెట్టింది.

"పెద్దాయనా, కట్టలో మట్టి కదులుతోంది. తూమెత్తి సగానికి దించాలి."

"పంట మధ్యలో నీళ్లు దించమంటావేంటమ్మా? ఎందుకు కదులుతోంది?"

ఆమె గోడవార నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది. వాడు కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు. పైపు అని ఒక్క మాట అంటే చాలు, ఆ రాత్రికి వాడి తోటను తొక్కి పారేస్తారు.

"తెలీదు," అంది.

"తెలీకపోతే నేను చెప్తా," అన్నాడు దర్జీ. "బురద గ్లాసులో లేదు, గ్లాసక్క కంట్లో ఉంది. శుక్లం తీయిస్తే చెరువంతా తేటగా కనిపిస్తుంది."

గది ఘొల్లుమంది. అందరితో పాటు తమ్ముడూ నవ్వాడు. అందరికంటే కాస్త ఎక్కువసేపే నవ్వాడు.

మైకు తీర్పు తేలిగ్గా తేలింది. కారేచోట మూసేస్తే కారదు. మర్నాడు తాపీమేస్త్రి వచ్చి ఊట నోట్లో రాళ్లు కుక్కి, పైన సిమెంటు మెత్తాడు. గంటలో ఆ చోటు పొడిబారింది. "ఇప్పుడు పట్టు గ్లాసు" అన్నాడు మేస్త్రి. ఆమె తానే తూమెత్తేస్తుందేమోనని, తూము తిప్పే పిడిని మైకు తన ఇంటికి పట్టుకుపోయాడు.

అందరూ పొడి చోటు చూసి సంతోషించారు. ఆమె ఆ పొడి చోటు మీద అరికాలు ఆనించి నిలబడింది. ఊటకు నోరు నొక్కితే అది ఊరుకోదు, కడుపులోనే ఉబ్బుతుంది. దాన్ని మూయకూడదు. మీద ఇసక, ఆ పైన కంకర పోసి, నీళ్లను రానిచ్చి మట్టిని ఆపాలి. మొగుడు నేర్పింది అదే. ఎవరికి చెప్పినా మళ్లీ శుక్లం మాటే వచ్చేది.

ఇక మిట్టమధ్యాహ్నం, జనం భోజనాల దగ్గర ఉండగా, గడ్డపార తీసుకుని కట్ట కిందికి దిగింది. సిమెంటు పెచ్చు లేచింది. బురదనీళ్లు ముఖాన చిమ్మాయి. తట్టతో ఇసక మోసి పోయడం మొదలుపెట్టింది. సగం కూడా పోయలేదు.

"అక్క కట్ట తవ్వేస్తోందహో!"

ఆ అరుపు తమ్ముడిది. ఇంకొంచెం తవ్వితే పైపు బయటపడుతుందని వాడి భయం.

ఎంగిలిచేతులతో జనం ఉరికొచ్చారు. కట్ట కాచేది కట్ట కింద, చేతిలో గడ్డపార, ఒంటినిండా బురద. చూసిన కళ్లకు ఇంకేం చెప్పనక్కర్లేదు. మరదలు ఆమె జుట్టు పట్టి పక్కకు లాగింది. మేస్త్రి ఆ ఇసకంతా కాలితో తోసేసి, ఈసారి రెట్టింపు మందాన మెత్తాడు. తూము గదికి మైకు తాళం వేసుకున్నాడు. "కట్ట మీద మళ్లీ కనిపిస్తే కాళ్లు విరుగుతాయి" అన్నాడు. ఆమె తమ్ముడి ఇంటి వసారాలో పడుకుంది. వేరే చోటు లేదు.

ఆ వారం తిరక్కుండానే, సంత రోజున, పట్టపగలు కట్ట కూలింది. ముందు పైన ఒక బీట, తర్వాత ఒక కుంగుడు, ఆ తర్వాత ఎవరూ ఏమీ చూడలేదు, పరిగెత్తారు. పరిగెత్తలేనిది దర్జీ తల్లి ఒక్కతే. కొట్టు వెనక గదిలో మంచం పట్టిన మనిషి. ఆమె దొరికినప్పుడు మంచం కూడా ఆమెతోనే ఉంది.

మళ్లీ సంఘం గది. ఈసారి కూర్చోవడానికి ఆమెకు చోటివ్వలేదు. దర్జీ మూలన కూర్చున్నాడు.

"ఎందుకు తవ్వావు?" అన్నాడు మైకు.

"నేను పెళ్లగించింది సిమెంటు పెచ్చు ఒక్కటే, కట్టను కాదు. తమ్ముడు కట్టలో పైపు వేశాడు. దాని పక్కనించి తెగింది."

"ఏ పైపు?" అన్నాడు తమ్ముడు. వరద తగ్గీ తగ్గకముందే ఆ పైపును పొలంలోంచి ఏరి, ముక్కలు కోసి, దొడ్లో పూడ్చేశాడు.

"పైపు సంగతి ఆరోజెందుకు చెప్పలేదు?" మైకు లేచి నిలబడ్డాడు. "నీ నోటితోనే చెప్పావు కదమ్మా. ఎందుకు కదులుతోందంటే తెలీదన్నావు. ఇంతమందిమి విన్నాం."

మేకల కాపర్లను, మైకును, మొగుణ్ణి కూడా ఏనాడూ వదలని ఆ మనిషి తమ్ముడి వైపు చూసింది. దర్జీ మూలలోంచి లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. కొడతాడనుకున్నారు. ముఖం మీద ఉమ్మి, బయటికెళ్లిపోయాడు.

తమ్ముడు ఆమె చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు. "పోనీలే అక్కా. ఎవరేమన్నా నీకు మేం లేమా? ఇంటికి పద," అన్నాడు. గొంతులో నిజంగానే తడి ఉంది.

వసారాలో మరదలు కంచం పెట్టింది. పెట్టి, కాలితో ముందుకు తోసింది.

"తినండి వదినా. మా తోట పోయింది గానీ మీ కంచం ఎక్కడికి పోతుంది!"

గ్లాసక్క కంచం దగ్గరికి లాక్కుంది. తమ్ముడు ఎదురుగా కూర్చుని, కూర వెయ్యమని పెళ్లాన్ని కసురుతున్నాడు. ఆమె తల దించుకుని తిన్నది.