బోణీ సంచి

హిందూపురం పారిశ్రామికవాడలో చింతగింజల పిండి పట్టే మిల్లు ఒకటుంది. అక్కడ కదిరమ్మ బొటనవేలికి ఉన్నంత పేరు యజమాని రాజశేఖర్‌కు కూడా లేదు. చిటికెడు పిండి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి రాసి, "బాగుండాది" అందంటే సంచి మూతి కుట్టేయొచ్చు. "ఊహూ" అందంటే ఎంతటివాడు చెప్పినా అది గడప దాటదు. రొద్దం దగ్గరి పల్లెలో అవ్వ పక్కన కూర్చుని తిరగలి తిప్పిన చెయ్యి అది. పెళ్లయి హిందూపురం వచ్చి, గింజల పొట్టు తీసే పనిలో చేరి, ముప్పై ఏళ్లలో మిషను మేస్త్రి అయింది. ఆడదానికి మేస్త్రీతనమేమిటని నవ్వినవాళ్లు తర్వాత ఆమె దగ్గరే పని నేర్చుకున్నారు.

అలాంటి వేలికి ఈ వేసవిలో మాట వచ్చింది.

ధర్మవరంలో ఉలిగప్ప అనే ఆయన పడుగు నూలుకు గంజి పెట్టే షెడ్డు నడుపుతాడు. గంజికి పిండి ఈ మిల్లుదే. నాలుగు నెలల కింద మిల్లుకు కొత్త మిషను వచ్చింది. అప్పటి నుంచి ఆయన రెండుసార్లు లోడు వాపసు పంపాడు, పిండిలో పలుకులున్నాయని.

"ఇంకొక్కసారి వాపసొస్తే రెండో షిఫ్టు మూసేయడమే కదిరమ్మా" అన్నాడు రాజశేఖర్. రెండో షిఫ్టులో పన్నెండు మంది ఆడవాళ్లు. అందరూ కదిరమ్మ పిలుచుకొచ్చి చేర్చినవాళ్లే.

రాజశేఖర్‌కు తెలిసిన వైద్యం ఒక్కటే, ఇంకా సన్నగా పట్టమనడం. పట్టారు. పిండి వేడెక్కి, రంగు మారి, కమురు వాసన వేసింది. ల్యాబులో పనిచేసే పెనుకొండ పిల్ల సాయిసుధ వాపసొచ్చిన సంచులను జల్లెడల్లో ఊపి చూసింది. "అంతా సరిగ్గానే ఉండాది పెద్దమ్మా" అంది. కదిరమ్మ వేలు కూడా అదే చెప్పింది.

"నా వేలు అబద్ధం చెప్పదు. అట్లని ఆయప్ప అబద్ధం చెప్తాండాడా? పోయి చూసొస్తా" అని కదిరమ్మ ధర్మవరం బస్సెక్కింది.

ఉలిగప్ప కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమెకు కాస్త తేలికగా ఉండేది. తెగిన పడుగు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. గంజి ఆరిన పోగుల మీద ఇసుక మాదిరి పలుకులు. పలుకున్న చోటల్లా పోగు తెగింది.

"సన్నంగా పట్టమని నేను అడగలేదమ్మా. రవంత లావున్నా సర్దుకుంటా. అంతా ఒకటే తీరుండల్ల, అంతే. తొమ్మిది సంచులు వెన్న మాదిరి ఉండి పదోది రవ్వ మాదిరి ఉంటే నేనేం చేసేది?"

"ఆ పదోదేదో చూపించన్నా."

విప్పి వాడాక చెడ్డవని తేలిన సంచులను ఆయన వాపసు పంపకుండా మూలన పడేశాడు. ఐదున్నాయి. ఐదింటి మీదా కుంకుమ బొట్టుంది. ఆ బొట్లు పెట్టిన చెయ్యి కదిరమ్మదే.

బస్సు పెనుకొండ దాటుతున్నా ఆమె ముఖంలో వేడి తగ్గలేదు. పొద్దున మిషను ఆడగానే నిండే మొదటి సంచి బోణీ సంచి. దానికి తనే బొట్టు పెట్టి, తనే మూతి కుడుతుంది. బోణీ సంచిలో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఒకసారి సాయిసుధ గరిటెతో వస్తే కసిరి పంపింది. వేలు నిజమే చెబుతుంది కానీ, వేలు పెట్టని చోటి సంగతి అదేం చెబుతుంది?

మర్నాడు పొద్దున మీట నొక్కకముందే సాయిసుధను పిలిచి మిషను మూత తీయించింది. లోపల గింజలు!

"ఎవరు పోసినారు పెద్దమ్మా? దీంట్లో ఫ్యాను జోరందుకున్నాకే సన్నపిండి ఏరుతుంది. ముందే గింజలుంటే నలిగీ నలగకుండా సంచిలో పడతాయి" అంది సాయిసుధ.

ఆ గింజలు పోయించింది కదిరమ్మే. తిరగలిని వట్టి నోటితో పెట్టకూడదు, ఇంటికి మంచిది కాదు అనేది అవ్వ. అందుకే పాత మిషను ఆపాక కూడా రోజూ గుప్పెడు గింజలు వేసేది. పాతదాని చివర జల్లెడ ఉండేది కాబట్టి పలుకులన్నీ అక్కడే ఆగేవి. కొత్తది వచ్చాక, ఇంత పెద్ద నోటికి గుప్పెడేం ఆనుతుందని చాటెడు పోయసాగింది. భక్తి పెరిగింది, పోగు తెగింది. పైగా రాత్రి మిషను ఆపే రెండో షిఫ్టు వాళ్లకూ దగ్గరుండి నేర్పింది.

సంగతి విని రాజశేఖర్ నవ్వాలో తిట్టాలో తెలియక, "మిషను తప్పని ఫోను చేసేస్తాంలే" అన్నాడు.

"వద్దు సార్. తప్పు నాది. ఉలిగప్పన్నకు నేనే చెప్తా."

చెప్పింది. తర్వాత పన్నెండు మందినీ నిలబెట్టి వాళ్లకూ చెప్పింది. "వట్టిగా పెడితే చెడు కాదా అక్కా?" అంది వాళ్లలో ఒకామె భయపడుతూ.

"తిరగలికి చెడు. దీనికి కడుపు ఖాళీగా ఉంటేనే మేలు. నేర్పింది నేనే, మాన్పించేదీ నేనే."

పదిహేను రోజులు రాత్రి రెండో షిఫ్టు చివర మిషను దగ్గరే నిలబడింది. లోపలున్నదంతా ఆడి, చప్పుడు పలచబడ్డాకే మీట ఆపనిచ్చింది. మొదటి రోజు తన చెయ్యే అలవాటుగా చాటలోకి పోయింది. ఆ గింజలను తిరిగి గంపలో పోస్తుంటే, అవ్వ మాట కాదంటున్నట్టు అనిపించింది. అయినా పోసింది.

లోడు వెళ్లే పొద్దున బోణీ సంచి నిండింది. అందరూ చూస్తుండగా కదిరమ్మ మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి చిటికెడు తీసి రాసింది. మళ్లీ పైనుంచి తీసి రాసింది. "బాగుండాది" అని, అప్పుడు బొట్టు పెట్టింది.

నాలుగో రోజు ఉలిగప్ప ఫోను చేశాడు.

"పోగు తెగలేదమ్మా. బొట్టు చూసి కనుక్కోవాల్సిందే గానీ, పిండి చూస్తే ఏది బోణీ సంచో నాకు తెలీలేదు."