స్నెజాన దాచిన వణుకు

డాన్యూబ్ నది ఒడ్డున మా రూసె ఊళ్లో ఇంట్లో కూర్చుని విమానాలు నడిపే మగవాళ్లు పదకొండు మంది ఉండేవారు. ఎదురుగా కంప్యూటర్ తెర మీద ఆకాశం, చేతిలో విమానం స్టీరింగు, కాళ్ల కింద పెడళ్లు. వాళ్లలో ఒకాయన పళ్ల డాక్టరు, ఒకాయన ట్రాలీబస్సు నడిపేవాడు, ఇద్దరు రేవులో క్రేన్ల మీద పనిచేసి రిటైరైనవాళ్లు. ఎవరింట్లో ఏ పెడల్ మొండికేసినా, ఏ తీగ ఊడినా అందరూ పిలిచేది స్నెజాననే.

స్నెజానా నేనూ కొలత మీటర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేశాం. నేను మీటర్లు బిగించేదాన్ని, ఆమె వాటిని పరీక్షించేది. ముల్లు వెంట్రుకవాసి పక్కన నిలబడినా ఆ మీటరు తిరిగి నా బల్ల మీదికి వచ్చేది. స్నేహితురాలినన్న మొహమాటం ఉండేది కాదు. ఎన్ని రోజులు ఆమెతో మాట్లాడకుండా ఇంటికి పోయానో లెక్కలేదు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమె చేతి తొడుగులు కుట్టింది, అపార్టుమెంట్ల మెట్లు కడిగింది. భర్త లారీ తోలుకుంటూ జర్మనీ వెళ్లేవాడు. రాకపోకల మధ్య రోజులు పెరిగి పెరిగి చివరికి రావడమే మానేశాడు. అతని తండ్రి మాత్రం ఈమె దగ్గరే ఉండిపోయాడు. ఆయనకి వణుకు జబ్బు. అన్నం తినిపించడం దగ్గర్నుంచి పక్క మార్చడం దాకా ఎనిమిదేళ్లు ఆమే చేసింది. డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజు ఆయన ఇంటికొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడట. అంతకుముందు రోజు దాకా డాన్యూబ్ ఒడ్డున చేపలు పట్టుకొచ్చిన మనిషి, ఆ రోజు తర్వాత గాలం ముట్టుకోలేదు. "జబ్బు కంటే ముందు ఆ పేరే చంపేసింది రాద్కా" అని స్నెజాన నాతో చాలాసార్లు అనేది.

మామగారు పోయాక ఇల్లు బోసిపోయింది. అప్పుడే కింది అంతస్తులో ఉండే పళ్ల డాక్టరు, ఇంజను వేగం పెంచే మీట పాడైందని చెత్తలో పడెయ్యబోతుంటే ఈమె అడిగి తీసుకుంది. విప్పి చూస్తే లోపల పాత రేడియోల్లో గొంతు పెంచే బొత్తానికి ఉండేలాంటి చిన్న చక్రం. దాని మీద ధూళి. స్పిరిటుతో తుడిచి బిగిస్తే మీట కొత్తదానిలా పనిచేసింది. ఆ సంగతి నోటా నోటా పాకింది.

కానీ ఈ పనిలో సగం మరమేకులది, సగం కంప్యూటరుది. యంత్రం భాషని కంప్యూటరుకి అర్థమయ్యేలా చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటుంటుంది, దాన్నే డ్రైవర్ అంటారు. కంప్యూటరు తనంతట తాను ఏదో కొత్తది ఎక్కించుకుని పాత డ్రైవరుని తోసేస్తే, నిన్నటిదాకా పనిచేసిన పెడళ్లు ఇవాళ చచ్చినట్టు పడుంటాయి. ఇవన్నీ స్నెజాన నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకుంది. ఆమెకొక వరస ఉండేది. ముందు తీగని నేరుగా కంప్యూటరుకే పెట్టి చూడాలి. తర్వాత కంప్యూటరు ఆ వస్తువుని గుర్తుపట్టిందా లేదా చూడాలి. ఆ తర్వాత తెర మీద పరీక్ష కోసమే ఉండే చిన్న కిటికీ తెరిచి, స్టీరింగు కదిపితే అందులోని ప్లస్ గుర్తు కదులుతోందా చూడాలి. విమానం ఆటని తెరవడం అన్నిటికన్నా ఆఖరున. మగవాళ్లందరూ ఆఖరు నుంచి మొదలుపెట్టి తలబద్దలు కొట్టుకుంటారని నవ్వేది.

బోగొమిల్ ఇంటికి ఆమె మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ తోడు వెళ్లాను. బోగొమిల్ నిజంగానే పైలటు. రెండు జతల రెక్కలున్న పాత విమానంలో ముప్పై ఏళ్లు పొద్దుతిరుగుడు చేల మీద, గోధుమ చేల మీద మందు చల్లాడు. సహకార సంఘాలు పోయి, చెవులు మందగించి, నేల మీద మిగిలాడు. అద్దాలు బిగించిన బాల్కనీలో అచ్చమైన విమానం సీటు వేసుకుని, రోజూ పొద్దున కాఫీ తాగి, తాను మందు చల్లిన ఆ చేల మీదే తెర మీద ఎగిరేవాడు. ఎత్తుకి వెళ్లేవాడు కాదు. చెట్ల కొసలు తగిలేంత కిందుగా పోవడమే ఆయనకి ఇష్టం.

తలుపు తీసి స్నెజాన చేతిలోని పనిముట్ల పెట్టె చూసి, "లిఫ్టు బాగుచెయ్యడానికా? అది పక్క మెట్లవైపు" అన్నాడు.

"లిఫ్టు బాగానే ఉంది. మీ విమానమే ఎడమకి పోతోందట" అంది ఆమె.

ఆయన వారం నుంచి ఎనిమిదిసార్లు డ్రైవరు తీసి మళ్లీ వేశాడట. స్నెజాన ఏమీ వెయ్యలేదు. కంప్యూటరు వెనక్కి వంగి ఒక తీగ పట్టుకుని, అది ఎటు పోతోందో చూసుకుంటూ మూలనున్న పాత పేపర్ల కట్ట దాకా వెళ్లింది. కింద ఆయన పాత జాయ్‌స్టిక్ ఒకటి పక్కకి ఒరిగి పడుంది. దానికింకా ప్రాణం ఉంది.

"మీ విమానాన్ని ఇద్దరు నడుపుతున్నారు అన్నా. రెండోవాడు ఇక్కడ పేపర్ల కింద పడుకున్నాడు."

ఆయన భార్య ఇలియాన వంటింట్లోంచి గట్టిగా నవ్వింది. బోగొమిల్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు నుంచి ఆయన ఇంకెవర్నీ ఆ సీటు దగ్గరికి రానివ్వలేదు. స్నెజాన వస్తే ఇలియాన జున్ను పెట్టిన పొరల రొట్టె, బానిత్స, చేసేది. మాకు ఆ ఇల్లు బంధువుల ఇల్లులా అయిపోయింది.

నాలుగేళ్లు అలా గడిచాయి. ఆ ఏడు శరదృతువులో బోగొమిల్ ఫోను చేసి, విమానం ముక్కు సన్నగా అదురుతోందని చెప్పాడు. స్నెజాన స్టీరింగు విప్పి, అరిగిన చక్రాన్ని తీసేసి, అరుగుదల లేని అయస్కాంతం పరికరం పెట్టింది. అదురు పోలేదు. తీగ మార్చింది. ఫ్రిజ్ ఉన్న ప్లగ్గు నుంచి కంప్యూటరుని వేరే ప్లగ్గుకి మార్చింది. డ్రైవరు మొదటి నుంచీ వేసింది. మూడోసారి వెళ్లినప్పుడు పరీక్ష కిటికీ తెరిచి, ఆయన్ని సీట్లో కూర్చోమని, తాను తెర చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత మా ఇంటికొచ్చి ఆమె నాకు చెప్పింది ఇది. ఆయన చెయ్యి తీసేస్తే ప్లస్ గుర్తు మేకు కొట్టినట్టు నిలబడింది. ఆమె చెయ్యి పెట్టినా అంతే. ఆయన గట్టిగా లాగినప్పుడు కూడా బాగానే ఉంది. కుడిచెయ్యి ఊరికే ఆనించి ఉంచాడా, గుర్తు అదరడం మొదలుపెట్టేది. ధూళి వల్ల వచ్చే అదురుకి వరస ఉండదు, ఎక్కడో గెంతుతుంది, ఎక్కడో ఆగుతుంది. ఇది సెకనుకి ఐదుసార్లు, లెక్క తప్పకుండా.

"ఎనిమిదేళ్లు మా మామగారి చేతిని పట్టుకున్నానే. ఆ లెక్క నాకు తెలీదా" అంది.

"మరి ఆయనకేం చెప్పావు?" అన్నాను.

ఆయనకి ఉన్నది చెప్పలేదట. ఆ కిటికీలోనే ఒక అమరిక ఉంటుంది. స్టీరింగు మధ్యలో ఉన్నప్పుడు వచ్చే చిన్న చిన్న కదలికల్ని లెక్కలోకి తీసుకోవద్దని యంత్రానికి చెప్పవచ్చు. ఆమె అక్కడ నాలుగు శాతం పెట్టింది. అదురు మాయమైంది. బోగొమిల్ చేల మీద ఒక చుట్టు తిరిగొచ్చి, "ఏమిటి జబ్బు?" అని అడిగితే, "ధూళి" అని చెప్పింది.

ఇలియానకైనా చెప్పమన్నాను. చెబుతాను, ఈ శీతాకాలం పోనీ, ఎగరనీ కొన్నాళ్లు అంది. నేను ఇంకో కప్పు కాఫీ పోశాను. అంతకంటే నేనూ ఏమీ చెయ్యలేదు.

వసంతంలో మళ్లీ పిలిచాడు. నాలుగుని తొమ్మిది చేసింది. మరుసటి ఏడు తొమ్మిది పదిహేనైంది. ఇప్పుడు స్టీరింగు కొంత తిప్పేదాకా విమానానికి తెలిసేదే కాదు. "తాగినవాడిలా తూలుతోంది చెల్లెమ్మా ఇది" అని విసుక్కునేవాడు. యంత్రం పాతదైందని స్నెజాన సర్దిచెప్పేది. ఈలోగా ఆయన సంతకం చీమంత చిన్నదైంది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి కూర్చోవలసి వచ్చేది. డాక్టరు దగ్గరికి వెళ్దామని ఇలియాన రెండుసార్లు అడిగింది. ఆయన రెండుసార్లూ ఆమెని బాల్కనీలోకి తీసుకెళ్లి, స్టీరింగు పట్టుకుని, తెర మీద కదలకుండా పోతున్న విమానాన్ని చూపించాడు. చెయ్యి పాడైతే ఇలా నడుస్తుందా అని అడిగాడు. ఆమె ఇంక డాక్టరు మాట ఎత్తలేదు.

జూన్‌లో ఊరి బయట తోటలో పుల్లటి చెర్రీలు కోస్తూ నిచ్చెన మూడో మెట్టు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఆయన చేతిని ఒక్క నిమిషం చూసి, నరాల డాక్టరమ్మని పిలిపించాడు. ఎప్పటి నుంచి ఇలా ఉందని ఆమె అడిగితే ఇలియాన తెలీదంది. రెండేళ్ల కిందటే మందులు మొదలుపెట్టి ఉంటే ఈ రెండేళ్లు ఇంత కష్టంగా గడిచేవి కావని, బహుశా ఈ పడడం కూడా ఉండేది కాదని ఆ డాక్టరమ్మ చెప్పింది.

స్నెజాన అక్కడే, మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉంది. పళ్లు ఉడికించి చేసిన కాంపోట్ సీసా చేతిలో ఉంది. డాక్టరు వెళ్లాక దాన్ని కిటికీ దగ్గర పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. నాలుగు, తొమ్మిది, పదిహేను. మామగారి సంగతి కూడా చెప్పబోయి మధ్యలో ఆపేసింది.

ఇలియాన అరవలేదు. "నా ఇంట్లో, నా బల్ల దగ్గర కూర్చుని రెండేళ్లు తిన్నావు. ఒక్కసారి నన్ను వంటింట్లోకి పిలిచి చెవిలో చెప్పలేకపోయావు" అంది.

బోగొమిల్ దిండు మీద తల స్నెజాన వైపు తిప్పాడు.

"పొగమంచులో ఎన్నిసార్లు దిగానో తెలుసా నీకు? కళ్లు కనపడవు. చెవులు వినపడవు. ఎదురుగా ఉన్న ముల్లు నిజం చెబుతుందన్న నమ్మకంతో దిగేవాణ్ని. నువ్వు మీటర్లు పరీక్షించిన మనిషివి. నువ్వే నా ముల్లుకి అబద్ధం నేర్పావా?"

"మీరు కుర్చీలో కూర్చుండిపోతారని భయపడ్డాను అన్నా."

"కూర్చోవాలో వద్దో నేను చూసుకునేవాణ్ని. అది నీ పని కాదు."

ఆ మాటకి ఆమె తల ఊపి బయటికి వచ్చేసింది. తలుపు బయట నిలబడి అంతా విన్న నేను ఆస్పత్రి మెట్ల మీద చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. నేను కూడా లోపలికెళ్లి, నాకూ తెలుసని చెప్పి ఉండాల్సింది. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

సెప్టెంబరులో బోగొమిల్ రెండు కర్రల మీద ఇంటికొచ్చాడు. ఒక మధ్యాహ్నం స్నెజానకి ఫోను చేసి రమ్మన్నాడు. ఇలియాన తలుపు తీసి, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఆయన సీట్లో కూర్చుని ఉన్నాడు. ఆ పదిహేనుని సున్నా చెయ్యమన్నాడు. ఆమె చేసింది. స్టీరింగు మీద చెయ్యి ఆనించి పరీక్ష కిటికీలోకి చూశాడు. గుర్తు అదురుతూనే ఉంది. ఎంతసేపు చూశాడో, చూసి చూసి, "సరే, తెలిసింది" అన్నాడు. ఆమె పెట్టె సర్దుకుంటుంటే, పొద్దున మాత్ర వేసుకున్న గంటకి కొంచెం తగ్గుతుందని, అప్పుడు ఓ అరగంట ఎగరొచ్చని తనలో తాను చెప్పుకుంటున్నట్టు అన్నాడు. ఆమెని మళ్లీ రమ్మనలేదు.

అలాగే ఎగిరాడు. వణికే విమానంతోనే, పొద్దున అరగంట. తర్వాత ఆ అరగంట పావుగంట అయింది. మూడో శీతాకాలం వచ్చేసరికి సీట్లోకి ఎక్కడమే కష్టమైంది. ఫిబ్రవరిలో ఊపిరితిత్తులకి నిమ్ము చేరి పోయాడు. కుర్చీలో కూర్చుండిపోతాడన్న స్నెజాన భయం నిజం కాలేదు. ఆ సంగతి ఆమెతో అందామనుకుని అనలేకపోయాను. అది ఆమెకి ఓదార్పు కాదు.

స్నెజాన పని మానలేదు, మిగతావాళ్లు పిలుస్తూనే ఉన్నారు. కానీ ఆ నవ్వు పోయింది. ఏ అమరిక మార్చినా యజమానిని పక్కన నిలబెట్టి, ఎంత నుంచి ఎంతకి మార్చానో చదివి వినిపించి, కాగితం మీద రాసిచ్చేది. వాళ్లకి అదొక చాదస్తంలా కనిపించేది. ట్రాలీబస్సు ఆయన ఒకసారి, ఇదేమన్నా కోర్టా అని వేళాకోళం చేశాడు. ఆమె కాగితం ఆయన చేతిలో పెట్టింది.

బోగొమిల్ పోయిన నలభయ్యో రోజున మా ఆచారం ప్రకారం ఇలియాన శ్మశానం దగ్గర ఉడికించిన గోధుమలు పంచిపెట్టింది. పైన చక్కెర పొడి చల్లి, చిన్న కాగితం గిన్నెల్లో. వరసలో స్నెజాన ఆఖరున నిలబడింది, వెళ్లిపోదామా అన్నట్టు రెండుసార్లు గేటు వైపు చూసింది. ఇలియాన ఆమె దాకా వచ్చి, మొహం వైపు చూడకుండా గిన్నె చేతిలో పెట్టింది. "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అని అందరితో అన్నట్టే అంది, అంతే. స్నెజాన గోడ పక్కకి వెళ్లి, ఒక్కొక్క గింజా నమిలింది. పూర్తి చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

నాకూ ఇచ్చింది ఇలియాన. నా భుజం మీద చెయ్యి వేసి, చలిలో నిలబడకు రాద్కా, ఇంటికెళ్లు అంది. నేను తినేసి, గిన్నె నలిపి జేబులో పెట్టుకుని, బస్సు కోసం నడిచాను.