బంతి గాలిలో ఉన్నంతసేపు

కమలాపండు కోస్తే చాలు, ఈ రోజుకీ నా వేళ్లకు చలి తగులుతుంది. ఈ దేశం వచ్చి, ఊరి శివారు క్లైడ్ నార్త్‌లో మేం ఇల్లు కట్టుకున్న కొత్తలో, శీతాకాలపు శనివారాల పొద్దున, ఆట సగంలో పిల్లలకు పంచడానికి డబ్బా నిండా కమలాపండు ముక్కలు పట్టుకుని తడి గ్రౌండు అంచున నిలబడేదాన్ని. పెనం మీద ఉల్లిపాయలు, సాసేజీలు వేగే పొగ, బురద, పిల్లల మోకాళ్లకు రాసిన యూకలిప్టస్ నూనె వాసన అన్నీ కలిసి నా స్వెట్టర్‌కి పట్టి, ఆదివారం చర్చిదాకా వదిలేవి కావు.

మా కీర్తన అప్పుడు ఏడేళ్లది. ఇక్కడి ఫుట్‌బాల్ కాళ్లతోనే కాదు, చేతులతోనూ ఆడే ఆట. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. పొడుగాటి రెండు స్తంభాల మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు, పక్క నుంచి పోతే ఒకటి. ఆ లెక్క చూసి చూసి పట్టేశాను గానీ, ఒక మాట దగ్గర బోల్తా పడ్డాను. మొదటి ఆట అవగానే పిల్ల బురద కాళ్లతో పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఐ గాట్ త్రీ మార్క్స్!" అంది.

"మూడేనా! పదికా?" అన్నాను.

మా ఆయన ఇంకా కంగారుపడి, "పదికి మూడంటే తప్పినట్టే కదే! మిగతా ఏడూ ఏమైనయ్యో అడుగు" అన్నారు.

"ఇట్స్ నాట్ ఎన్ ఎగ్జామ్, నాన్నా!" అని విసుక్కుంది కీర్తన. దూరం నుంచి తన్నిన బంతిని కింద పడకుండా పట్టుకోవడాన్ని ఇక్కడ మార్కు అంటారని ఆ రోజే తెలిసింది.

నవ్వు అంతటితో సరి. ఆ మార్కు ఎలా పడతారో సరిగ్గా చూశాక భయం మొదలైంది. తల మీదుగా పోతున్న బంతినే చూస్తూ అది పోయే వైపే పరిగెత్తాలి; ఎదురుగా వచ్చేవాళ్లు కనపడరు. బంతి గాలిలో ఉన్నంతసేపట్లో అవతలి పిల్ల ఎంత దూరం రాగలదో మనసులో లెక్క కట్టేదాన్ని. ఎలా కట్టినా ఇద్దరూ ఒకే చోటికి వచ్చేవారు. చిన్నప్పుడు ఢీకొన్నా బురదలో పొర్లి నవ్వుకుంటూ లేచేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఒళ్లు బరువెక్కాయి, పరుగులో వేగం పెరిగింది, పడ్డవాళ్లు లేవడానికి పట్టే సమయమూ పెరిగింది.

యూనివర్సిటీలో రెండో ఏడు, దేశానికి అవతలి కొసన ఉన్న పెర్త్ నుంచి ఒక క్లబ్బు తరఫున ఆటగాళ్లను ఎంచే ఆవిడ వచ్చిన రోజునే, కీర్తన అలాగే పరిగెత్తి బంతి పట్టింది. ఒకమ్మాయి భుజం వచ్చి తలకు తగిలింది. పడిపోయింది. లేవలేదు. నాకు తెలిసిన లెక్కలన్నీ ఆ గడ్డి మీద ఆగిపోయాయి. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఒక చెయ్యి కదిలింది, అంతే.

డాక్టర్ వారాల తరబడి ఆట మాన్పించి, చివరికి ఆడొచ్చన్నాడు. ఆ సంగతి తెలిసి పెర్త్ ఆవిడ మా ఇంటికే వచ్చింది. ఇచ్చిన టీ చల్లారుతున్నా పట్టించుకోకుండా, "తను ఎవరొస్తున్నారో చూడదు, బంతినే చూస్తుంది. మాకు కావాల్సింది అదే" అంది. నేను ఇన్నేళ్లూ ఏ గుణానికి భయపడ్డానో, ఆ గుణం కోసమే పిల్లని అడుగుతున్నారు.

ఆవిడ వెళ్లాక, "వద్దులేమ్మా, ఇంకో దెబ్బ తగిలితే?" అన్నాను.

ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, నేల చూస్తూ తెలుగులో అంది. "నాకూ భయమేనమ్మా. కానీ వచ్చేవాళ్లని చూస్తే బాల్ పోద్ది."

ఆవిడ తాగకుండా వదిలేసిన టీ తీసుకెళ్లి సింకులో పారబోశాను.

ఇప్పుడు ఆ గ్రౌండు చుట్టూ ఇళ్లు లేచాయి. మాతో పాటు అంచున నిలబడిన తల్లిదండ్రులు తలో దిక్కూ వెళ్లిపోయారు. పట్టిన ప్రతి బంతి గురించీ వచ్చి చెప్పే పిల్ల పెర్త్‌లో ఉంది, మాకు టీవీలో వేలెడంత కనిపిస్తుంది. బంతి పైకి లేవగానే నేను వంటింట్లోకి వెళ్లిపోతాను. హాల్లోంచి మా ఆయన, "పట్టిందే, పట్టింది!" అని కేకేస్తారు.

నేను తలుపు వెనక నుంచి, "లేచిందా?" అంటాను.