ఒక్కపొద్దు అని చెప్పిన రోజులు

ఆ సాయంత్రం ఇంటిల్లిపాదికీ వండిన అన్నాన్ని పొయ్యి దగ్గరే నిలబడి నేనొక్కదాన్నే ఖాళీ చేశాను. ఆకలి లేదు, రుచి తెలియలేదు. కడుపు నొప్పి పుట్టినా చెయ్యి ఆగలేదు. మా ఆయన వచ్చి "అన్నమేది?" అంటే, కుక్క మూతి పెడితే పారబోశానని చెప్పాను. మా వాకిట్లోకి కుక్క వచ్చిందే లేదు. అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి రావడం చూసి నాకే భయమేసింది.

మాది గుమ్మడిదల పక్క ఊరు. జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో మాత్రలు ప్యాక్ చేసే పని నాది. 

వారానికి రెండు మూడుసార్లు అలాగే జరగసాగింది. ఒళ్లు పెరిగింది. పటాన్‌చెరులో ఒక డాక్టర్ థైరాయిడ్, షుగర్ టెస్టులు రాశారు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు. "అన్నీ నార్మల్ అమ్మా. కొంచెం నోరు కట్టుకో" అన్నారు. మా అత్తమ్మ "ఇదంత ఫ్యాక్టరీ నీళ్ల గుణం" అంది. మా దగ్గర కాలు బెణికినా తప్పు నీళ్లదే.

సరే, నోరు కట్టుకున్నాను. పొద్దున తినడం మానేశాను, మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవడం మానేశాను. తోటివాళ్లు "ఎందుకు తింటలేవక్కా?" అంటే "ఒక్కపొద్దు" అన్నాను. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, శనివారం వెంకన్నకి. నిజానికి ఏ దేవుడికీ దీపం కూడా పెట్టలేదు. ప్యాకింగ్ హాల్లో మాత్రం భక్తురాలినని పేరొచ్చింది.

ఒక మంగళవారం లంచ్ బెల్లుకు ముందు, తలకు పెట్టుకునే టోపీ చిరిగిందని బట్టలు మార్చుకునే గదికి వెళ్లాను. అరలో అందరి డబ్బాలు వరుసగా ఉన్నాయి. ఒకటి తీశాను. జొన్నరొట్టె, టమాట తొక్కు. గోడ వైపు తిరిగి గబగబా మింగేసి, మూత పెట్టి ఉన్నచోటే పెట్టేశాను. తర్వాత ఇంకా మూడు డబ్బాలు అలాగే ఖాళీ అయ్యాయి. నన్నెవరూ అనుమానించలేదు. ఒక్కపొద్దు మనిషిని ఎవరు అనుమానిస్తారు?

అనుమానం యాదమ్మ మీద పడింది. ఆ గది ఊడ్చేది ఆమే. కాంట్రాక్టు మనిషి, భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. మా సూపర్‌వైజర్ ఆమెను రేపటి నుంచి రావద్దన్నాడట. సాయంత్రం బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేను దొంగను గాదు. నువ్వు దేవుని మనిషివి, నీ మాట ఇంటరు. జెర సార్‌కు చెప్పు."

ఆమె పట్టుకున్న నా వేళ్లకు ఇంకా ఎవరిదో తొక్కు వాసన ఉంది. "చెప్త" అన్నాను.  చెబితే నా ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది. చెప్పకపోతే ఆమె బతుకే పోతుంది.

తెల్లవారి నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను. "గా డబ్బాలు తిన్నది నేను సార్. యాదమ్మను తియ్యొద్దు."

ఆయన అయోమయంగా చూశాడు. "నువ్వు ఒక్కపొద్దులుంటవ్ గదా?"

"ఒక్కపొద్దు లేదు, ఏం లేదు సార్."

యాదమ్మను ఉంచారు. నన్ను పనిలోంచి తియ్యకుండా, కంపెనీకి వచ్చే డాక్టరమ్మ దగ్గరికి పంపారు. ఆమె ఒకటే అడిగింది: "తినేటప్పుడు ఆపుదామన్నా ఆపలేకపోతున్నారా?" ఎవరూ అడగని మాట అది. అక్కడే ఏడ్చేశాను. హైదరాబాద్‌లో సైకియాట్రీ ఓపీకి చీటీ రాసిచ్చింది. పిచ్చి డాక్టరా అని గుండె జారింది. మా ఆయన తోడు వచ్చాడు.  దారిలో "గా కుక్క గూడ అబద్ధమేనా?" అన్నాడు. తలూపాను.

"దీన్ని బింజ్ ఈటింగ్ అంటారు, ఆపుకోలేక తినే జబ్బు. ఇది తిండిపోతుతనం కాదు" అన్నారు అక్కడి డాక్టర్. "పగలంతా కడుపు మాడ్చుకుంటే సాయంత్రానికి అదుపు తప్పుతుంది. ముందు ఒక్కపొద్దులు మానండి. ఒంటరిగా తినకండి." మాత్రలు, వారం వారం కౌన్సెలింగ్, తిన్నదీ అప్పటి మనసూ రాసే నోట్‌బుక్ ఇచ్చారు.

అసలు కష్టం లంచ్ హాల్లో. నేను కూర్చుంటే అందరూ డబ్బాలు ఒళ్లోకి లాక్కునేవాళ్లు. తప్పు వాళ్లది కాదు. మూలకు కూర్చుని తినేదాన్ని. నెల దాటాక యాదమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నా మీద నింద వడ్డనాడు నాకు ముద్ద దిగలే. మాఫ్ చేసిననుకోకు. గని ఒక్కదానివే తినొద్దన్నరంట గదా. తిను, నేను ఈడనే ఉంట."

 ఆమె ఎదుటే తిన్నాను.

ఆమె చెల్లెలి పెళ్లికి సెలవు పెట్టిన వారం మళ్లీ అదుపు తప్పాను. డబ్బాడు మురుకులు కూర్చున్నచోటే అయిపోయాయి. సిగ్గుపడుతూనే నోట్‌బుక్‌లో రాశాను. కౌన్సెలర్ చదివి "ఈసారి దాచలేదుగా" అంది.

ఆరేళ్లయింది. ఇప్పటికీ ఏడాదిలో ఒకట్రెండుసార్లు చెయ్యి ఆగదు. మర్నాడు కడుపు మాడ్చుకోను, టైముకు తింటాను. నా మాట ఒకటే: ఈ బాధ ఉన్నవాళ్లు ఒక్క మనిషికైనా నిజం చెప్పి, రోజుకు ఒక్క పూటైనా ఆ మనిషి ఎదుట కూర్చుని తినండి.

మొన్న లంచ్ మధ్యలో యాదమ్మను ఏదో ఒలికిందని పిలిచారు. లేస్తూ, సగం తిన్న డబ్బా నా చేతిలో పెట్టి, "జెర సూస్తుండు, ఇప్పుడే వస్త" అని వెనక్కి చూడకుండా పోయింది. ఆమె వచ్చేదాకా ఆ మూత మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాను.