పాట ఎత్తుకునే విల్ఫ్

ఇంగ్లండులోని లాంకషైరులో నూలు మిల్లు మూతబడ్డాక ఫిట్టరు విల్ఫ్ ఎంట్‌విసిల్‌కి ఊళ్లో మిగిలిన గౌరవమల్లా పాట ఎత్తుకోవడమే. శనివారం వస్తే మావాళ్లు ఫుట్‌బాల్ టీము వెంట పరాయి ఊళ్లకు బస్సు మాట్లాడుకుని పోయేవారు. అక్కడ స్టేడియం గ్యాలరీలో వాళ్లను ఓ మూల కుక్కేవారు. విల్ఫ్ పాట మొదటి ముక్క అందుకుంటే చాలు, ఆ మూలంతా ఊగిపోయేది.

అయితే చుక్క పడందే ఆ గొంతు లేచేది కాదు. ఆ సంగతి అతని కూతురు మొయిరా కంటే బాగా ఎవరికీ తెలీదు. బిడ్డ పుట్టాక తండ్రికి ముఖం మీదే చెప్పేసింది.

"మళ్లీ తాగావని తెలిస్తే మనవణ్ణి మర్చిపో నాన్నా. ఇదే ఆఖరి మాట."

విల్ఫ్ మానేశాడు. చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా మానేశాడు. ఆదివారం కూతురింట్లో భోజనానికి వెళ్తే మనవడు ఒళ్లో కూర్చుని తాత ముక్కు పట్టుకుని వదిలేవాడు కాదు.

ఆటకెళ్లే బస్సులో మందు ఉంటే నేరం. అందుకని మావాళ్లు నిమ్మసోడా సీసాల్లో వోడ్కా కలిపి తెచ్చుకునేవారు. పోలీసులు ఎక్కి చూస్తే అందరూ బుద్ధిమంతులే! విల్ఫ్ మాత్రం ఫ్లాస్కులో టీ తెచ్చుకునేవాడు.

ఆ శనివారం సగం ఆటకే మా టీము రెండు గోల్స్ తినేసింది. "పాట మర్చిపోయారా? ఇంటికి పోయి పడుకోండి!" అని అవతలి జనం గేలి చేశారు. విల్ఫ్ లేచి అందుకున్నాడు. గొంతు పీలగా వచ్చి మధ్యలోనే తెగిపోయింది. సొంతవాళ్లే పకపకా నవ్వారు.

"ఏరా, టీ తాగి చర్చిలో పాడుతున్నావా?" అంటూ మిల్లులో అతని పక్కన పనిచేసిన రెజ్ సీసా చేతిలో పెట్టాడు. "ఒక్క గుక్క. నీ కోసం కాదురా, టీము కోసం."

"వద్దురా. రేపు బాబు దగ్గరకెళ్లాలి."

"రేపటిదాకా వాసనుంటుందా ఏంటి? మొయిరా ఇక్కడికొచ్చి చూస్తుందా?"

వెనకనుంచి మావాళ్లు విల్ఫ్ పేరు పట్టుకుని చప్పట్లు కొట్టసాగారు. కాళ్లు నేలకేసి బాదారు. వాళ్లలో మొయిరా పెట్టిన షరతు తెలియనివాడు లేడు. వద్దన్నవాడూ లేడు. గుంపు బుద్ధి ఎప్పుడూ అంతే, తన సరదా తీరితే చాలు. విల్ఫ్ తాగాడు. ఒక్క గుక్కతో ఆగలేదు.

అప్పుడు లేచింది పాట! స్టేడియం దద్దరిల్లింది. టీము ఓడిపోయింది గానీ, తిరుగు బస్సులో మావాళ్లు విల్ఫ్‌ని నెత్తిన పెట్టుకున్నారు.

మర్నాడు అతను శుభ్రంగా గడ్డం గీసుకుని, పిప్పర్‌మెంటు చప్పరిస్తూ, బాబుకి కొన్న ఉన్ని టోపీతో కూతురింటి తలుపు తట్టాడు. మొయిరా గొలుసు తీయకుండానే తలుపు కాస్త తెరిచింది.

"గొలుసు తియ్యమ్మా. నేనేం తాగలేదు."

"నిన్న రేడియో పెట్టుకున్నా నాన్నా. ఆట చెప్పేవాడు కూడా మాట ఆపి నీ గొంతు విన్నాడు. చాలా బాగా పాడావు."

తలుపు మూసుకుంది. టోపీ గడప మీద పెట్టి అతను వెళ్లిపోయాడు.

పై శనివారం విల్ఫ్ టీ ఫ్లాస్కు లేకుండా బస్సెక్కాడు. మావాళ్లంతా ఈలలు వేసి చప్పట్లు కొట్టారు.