ఆడవాళ్ల రోజున పాతకాలపు సంతకు

ఇంకో తొమ్మిది రోజుల్లో నేనూ నా కూతురూ సౌదీ వదిలిపోవాలి. కువైట్ యుద్ధం ముగిసిన ఏడాదికి జుబైల్‌లో మా ఆయన కంపెనీ ఫ్యామిలీ క్వార్టర్లు తీసేసింది. మా ఇద్దరికీ పాస్‌పోర్టుల్లో ఎగ్జిట్ వీసా కొట్టేశారు, ఆయనొక్కడే ఇక్కడ ఉండాలి. పోయేలోపు రియాద్ దగ్గర ఏటా జరిగే పాతకాలపు సంత చూడాలని నేనే పట్టుబట్టాను. మా ఆయన అన్న, అంటే మా బావ, ఆయన భార్య, నా యారాలు సుజాతక్క కూడా బయలుదేరారు. వాళ్ల కంపెనీ క్వార్టర్ ఉంచింది. యుద్ధమప్పుడు సైరన్ మోగినప్పుడల్లా అందరం ఒకే గదిలో, కిటికీలకు టేపులు వేసుకుని కూర్చునేవాళ్లం. ఇప్పుడు ఉండేది ఆమె, పోయేది నేను. ఆమెను చూస్తే నాకు కడుపు మండుతోంది.

పొద్దున ఏడింటికి దమ్మాంలో రైలెక్కాం. ఫ్యామిలీ పెట్టెకు టికెట్లు ముందురోజే తీసుకోవడం మంచిది. హుఫూఫ్ దాటాక పులిహోర తిన్నాం. ఎదురుగా కూర్చున్న హైదరాబాద్ ఆమె, "మీరిద్దరు అక్కచెల్లెండ్లా?" అని అడిగింది.

"యారాండ్లం. ఈమె ఇంటికి వోతున్నది, నేనీడ్నే ఉంట" అంది సుజాతక్క. ఆ రెండో మాట ఎవరడిగారు? నేను ఇసుక చూస్తూ కూర్చున్నాను.

రియాద్‌లో బిర్యానీ తిని, టాక్సీలో మూడున్నరకు సంత గేటు చేరాం. కాపలా అతను మగవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు. "లా, లా. హరీం బస్" అన్నాడు, ఆడవాళ్లు మాత్రమే అని. ఫ్యామిలీల రోజని బావ ఆఫీసులో విని తీసుకొచ్చాడు. తీరా చూస్తే అది ఆడవాళ్ల రోజు. మా ఆయనతో కలిసి తిరగడానికి నాకు మిగిలిన సెలవు అదొక్కటే. ఏడుపొచ్చింది.

"మీరిద్దరు పాపను తీస్కొని పోండ్రి. మేమీడ్నే కూసుంటం" అన్నాడు మా ఆయన.

లోపల మట్టిగోడల అంగళ్లు, ఒంటెతో నీళ్లు తోడే బావి. మేక వెంట్రుకలతో గుడారం గుడ్డ నేస్తున్న ముసలామె పాప చేతిలో ఖర్జూరాలు పోసింది. పాప మాత్రం "బాపు ఏడి?" అని వాళ్ల నాన్న కోసం అడుగుతూనే ఉంది.

"వచ్చే ఏడు మొగోళ్ల రోజు జూసి మీ ఆయనను తోలుకొస్తం. మస్తు సంబురపడ్తడు" అంది సుజాతక్క. వచ్చే ఏడు అనడం ఆమెకు ఎంత తేలికో.

తిరుగు రైల్లో పాప మా ఆయన ఒళ్లో నిద్రపోయింది. "ఏం జూసిన్రు?" అని అడిగాడు.

"ఏమున్నది, మట్టిగోడలు, ఒంటెలు. మీరు అంత దూరం వొయ్యి చూసేటంత ఏం లేదు" అన్నాను.

"గట్లనా. అయితే పోనియ్" అని నమ్మేశాడు.

చదువుతున్న మీరు తప్పకుండా వెళ్లండి, ఏ రోజు ఎవరిదో కనుక్కుని మరీ వెళ్లండి. అంత మంచి సంత నేనెక్కడా చూడలేదు. మా ఆయన మాత్రం నేను లేకుండా, బావ, సుజాతక్కల వెంట వెళ్లి దాన్ని చూడకూడదు.