ఉన్నిపిల్లను నాకిన గొర్రె

వేంపల్లెలో వెంకటరమణయ్య శెట్టి బట్టల అంగడి తెలియనివాళ్ళు లేరు. ఆయన భార్య నాగేంద్రమ్మకు మాత్రం ఉన్నితో జంతువుల బొమ్మలు చేసే ఆవిడగానే పేరు. 2005లో బెంగుళూరులో చెల్లెలింటికి పోయినప్పుడు పక్కింటావిడ దగ్గర ఆ పని పట్టుకుంది. ఆ పనికి వాడే సూది ఒంటికి సన్నసన్నని గాట్లుంటాయి. ఉన్ని ముద్దను పొడిచే కొద్దీ పీచులు ఒకదానికొకటి చిక్కుకుని గట్టిపడతాయి. అట్లా పొడిచి పొడిచి కన్నూ ముక్కూ తేవాలి. ఏమరుపాటుగా ఉంటే వేలికి రక్తమే. ఇంటికొచ్చి మొదట ఒక ఉడతను చేసి కిటికీలో పెడితే, అత్తగారు చూసి, "సచ్చిన ఉడతను ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా!" అని కేకలేసి చీపురుతో వీధిలోకి నెట్టేసింది. నాగేంద్రమ్మ దాన్ని ఏరుకొచ్చి ఆ పొద్దంతా నవ్వుకుంటూనే ఉంది.

ఉన్ని ఓబన్న ఇచ్చేవాడు. ఊరి బయట బీడు భూమిలో మంద నిలుపుకునే గొర్రెలకాపరి. బొచ్చు కత్తిరించినప్పుడల్లా ఆమె కోసం ఒక మూట పక్కన పెట్టేవాడు. దాన్ని కుంకుడు రసంలో ఉతికి, ఎండబెట్టి, దువ్వి వాడుకునేది.

రెండేళ్ళు గడిచాక ఆమెకు గొర్రెపిల్లను దాని అసలు ఎత్తులో చేయాలని మనసు పుట్టింది.

"ఓబన్నా, చూసి చేసుకుంటా. పగటిపూట ఒక పిల్లను మా దొడ్లో విడిచిపోకూడదా?"

"దానికేముండాదమ్మా! తల్లులు మేతకు పోతే పిల్లలు ఊరికే పడుండేవే కదా."

పొద్దున మందను తోలుకుపోతూ నల్లచెవుల పిల్లను వదిలిపెట్టేవాడు, సాయంత్రం తీసుకుపోయేవాడు. ఆ పిల్ల కాసేపు గంతులేసి, అలసిపోయి, సగం తయారైన ఉన్నిపిల్లకు ఆనుకుని పడుకునేది. తల దానిమీదే పెట్టి కునుకు తీసేది. పనికి అడ్డమైనా నాగేంద్రమ్మ లేపేది కాదు. అది పెద్దదై మందతో పాటు మేతకు పోవడం మొదలుపెట్టాక రావడం మానేసింది. అప్పటికి కనురెప్పలూ చెవుల లోపలి ఎరుపూ మాత్రమే మిగిలాయి. వాటినీ పూర్తిచేసి, ఒక సాయంత్రం ఉన్నిపిల్లను తువ్వాల్లో చుట్టుకుని ఓబన్నకు చూపిద్దామని బీటికి నడిచింది.

"చూడు ఓబన్నా, గుర్తుపడతావా?" అంటూ తువ్వాలు తీసి నేలమీద నిలబెట్టింది.

ఓబన్న చేతిలో కట్టె జారిపోయింది. ఇంతలో మందలోంచి ఒక గొర్రె గట్టిగా అరుచుకుంటూ, అడ్డమొచ్చినవాటిని తోసుకుంటూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి ఉన్నిపిల్ల తోక కింద వాసన చూసింది. గొంతులోనే చిన్నగా గురగురమని, వీపు నాకడం మొదలుపెట్టింది.

"ఏందప్పా ఇది?"

"నీ దొడ్లో ఇడిచిన నల్లచెవులది దీని పిల్లే కదమ్మా. మొన్న ఎర్రగుంట్ల రోడ్డు దాటిస్తాంటే లారీ కింద పడి సచ్చిపాయ. అప్పట్నుంచీ ఇది అరుస్తానే ఉండాది."

నాగేంద్రమ్మ ఉన్నిపిల్ల పక్కనే నేలమీద కూర్చుంది. గొర్రె పొదుగు చేపింది. పాలు చుక్కలుచుక్కలుగా మట్టిలో పడుతున్నాయి. తాగమన్నట్టు మూతితో పిల్లను పొదుగు వైపు తోసింది. ఉన్నిపిల్ల పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళూ బిర్రుగా చాపుకుని పడిపోయింది. గొర్రె ముందరికాలితో దాన్ని గీరింది. లేవలేదు. మళ్ళీ గీరి, మళ్ళీ అరిచింది.

కన్నతల్లే నమ్మింది. ఆ పని చేసిన చేతులకు అంతకు మించిన మెప్పు ఉండదు. నాగేంద్రమ్మ మాత్రం కొంగుతో మొహం కప్పుకుంది.

"తీసెయ్యప్పా! చూడలేను, తీసెయ్!"

ఓబన్న చెయ్యి పెట్టబోతే గొర్రె కుమ్మవచ్చింది. అతను వెనక్కి తగ్గి, దూరంగా గుంజకు కట్టిన పిల్లవైపు చూశాడు. దాని తల్లి ఈనుతూనే చచ్చిపోయింది. సీసాతో పాలు పడుతున్నాడు.

"ఈ గొర్రె కింద ఇడిస్తే తన్నింది దాన్ని. మా నాయన కాలంలో సచ్చిన పిల్ల తోలు వలిచి ఇట్లా తల్లిలేనిదానికి కప్పేవాళ్ళు. ఆ వాసనకు గొర్రె తన పిల్లే అనుకుంటాది. లారీ కింద నలిగినదానికి తోలేడుంటాదమ్మా? నీ పిల్లకేమో దాని వాసన పట్టుండాది..."

అంతటితో ఆపేశాడు. ఉన్నిపిల్ల తోలు ఒలిచి ఇమ్మని మాత్రం అడగలేకపోయాడు.

నాగేంద్రమ్మే కత్తెర ఇమ్మంది. ఓబన్న గొర్రెను అదిమి పట్టుకుంటే, ఉన్నిపిల్లను ఒళ్ళో వేసుకుని పొట్టకింద కోసింది. చేసేటప్పుడు సూదితో ఎంత గట్టిగా పొడిచిందో ఏమో, కత్తెర ఆడలేదు. కళ్ళనీళ్ళు కారుతుండగా రెండు చేతులతో నొక్కి, పైపొరను వీపు మీదినుంచి తోకదాకా ఒలిచింది. దాన్ని తల్లిలేని పిల్ల మీద కప్పి పురికొసతో కట్టారు.

పిల్ల తూలుకుంటూ పోయి పొదుగు కింద దూరింది. గొర్రె కాలెత్తింది. తన్నుతుందనుకుని నాగేంద్రమ్మ కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి గొర్రె మెడ తిప్పి తోక దగ్గర వాసన చూస్తోంది. కాలు దించింది. పిల్ల తోక టపటపా ఆడింది.

"పట్టిందమ్మా! పట్టింది!" అని ఓబన్న అరిచాడు. నాగేంద్రమ్మకు నవ్వు రాలేదు. మిగిలిన ఉన్ని ముద్దను కొంగులో చుట్టుకుని ఇంటికొచ్చింది. అన్నం ముట్టలేదు.

కొన్నాళ్ళకు తల్లీపిల్లా కలిసిపోయాయి. ఓబన్న ఆ ఉన్నితోలు విప్పి తెచ్చిస్తే, ఆమె తీసుకోలేదు. చాలాకాలానికి గానీ సూది పట్టలేదు. పట్టాక ఉడతలూ, కౌజుపిట్టలూ, పిల్లులూ ఎన్నో చేసింది. బొమ్మలు కొనడానికి కడపనుంచి వచ్చినవాళ్ళు గొర్రెపిల్లను చేసిమ్మని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపేది. ఎందుకు కాదంటావని వెంకటరమణయ్య గుచ్చిగుచ్చి అడిగితే ఒక్కసారి చెప్పింది:

"అది పోయే దోవలో ఏ తల్లి కంటపడుతుందో, ఎవరికి తెలుసు?"